కత్తికి కొలిచి కుట్టే తోలు ఒర: ఆర్డర్ తీసుకోవడం నుంచి చేతికిచ్చే దాకా

బజారులో దొరికే రెడీమేడ్ ఒరల్లో చాలావాటికి ఒకటే జబ్బు. కత్తి లోపల కదులుతుంది. అలా కదిలే కత్తి కుట్టును రోజూ కొంచెం కొంచెంగా కోస్తూ ఉంటుంది. ఏదో ఒక రోజు ఒర పక్కనుంచి మొన బయటికి వస్తుంది. దాన్ని నడుముకు కట్టుకున్న మనిషి తొడ అక్కడే ఉంటుంది. అందుకే ఒరను ముందు భద్రత కోసం చేసే వస్తువుగా చూడాలి. చెక్కుళ్లు, రంగులు, ఇత్తడి రివెట్లు తర్వాత ఎన్నయినా పెట్టుకోవచ్చు.

కొలిచి కుట్టిన ఒరకు జనం ఎక్కువ డబ్బు ఇచ్చేది కూడా ఈ బిగువు కోసమే. అది కుట్టేటప్పుడు వచ్చేది కాదు, తోలు కొయ్యకముందే కాగితం మీద తేలిపోతుంది. అందుకే ఇక్కడ నమూనా గురించి ఎక్కువ, కోత గురించి తక్కువ ఉంటుంది. లెక్కలు అర్థం కావడానికి ఒకే కత్తిని ఉదాహరణగా తీసుకుందాం: బ్లేడు పొడవు 105 మి.మీ., వెడల్పు 28 మి.మీ., వెన్ను మందం 3.5 మి.మీ.; పిడి పొడవు 115 మి.మీ., కోడిగుడ్డు వాలు ఆకారం, లావైన చోట 32 మి.మీ. ఎత్తు, 21 మి.మీ. మందం. తోటలో, క్యాంపింగ్‌లో వాడే మామూలు సైజు ఇది.

ఆర్డర్ తీసుకునేటప్పుడు

కస్టమర్ రాగానే డిజైన్ల ఆల్బమ్ తెరవకండి. కత్తి దేనికి వాడతారు, ఏ చేత్తో తీస్తారు, ఎక్కడ కట్టుకుంటారు, బెల్ట్ ఎంత వెడల్పు అనేవి ముందు అడగండి. కుడి నడుముకు వేలాడే ఒరలో పదును ముందువైపుకు, వెన్ను వెనక్కు ఉండాలి. ఎడమచేతివాటం వాళ్లకు నమూనా మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడాలి. ఇది అడగకుండా మొదలుపెడితే తోలు, శ్రమ రెండూ పోయినట్టే. బైక్ మీద, ట్రాక్టర్ మీద ఎక్కువసేపు కూర్చునేవాళ్లకు బెల్ట్‌కు బిగుసుకుపోయే ఒర పనికిరాదు, కూర్చోగానే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. వాళ్లకు రింగు నుంచి వేలాడే రకం చెయ్యాలి.

కొన్ని ఆర్డర్లు వద్దని చెప్పడం కూడా పనిలో భాగమే. మాంసం, చేపలు కోసే వంటింటి కత్తికి తోలు ఒర అడిగితే నేను చెయ్యను. తోలు తడిని, నెత్తురును పీల్చుకుంటుంది, కడగడం కుదరదు. అలాంటి కత్తికి చెక్క తొడుగో ప్లాస్టిక్ గార్డో మేలు. సముద్రంలో వేటకు వెళ్లేవాళ్లకూ ఇదే మాట చెబుతాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. కొడవలికి ఒర కుట్టడానికి టెన్షన్ అక్కర్లేదు. బాకు, బల్లెం లాంటివాటికి ఒర అడిగితే మాత్రం కత్తి ఎవరిది, ఎందుకు అని వివరంగా అడిగి, సమాధానం నచ్చకపోతే మర్యాదగా వదులుకోవడమే మంచిది.

కత్తి మీ దగ్గర ఉంటేనే కచ్చితమైన ఒర వస్తుంది. షాపులోకి రాగానే కస్టమర్ ముందే రెండు వైపులా ఫొటో తీసుకోండి, ముందే ఉన్న గీతలు మీ ఖాతాలో పడకుండా ఉంటాయి. తర్వాత పదును మీద రెండు వరసలు మాస్కింగ్ టేప్ వెయ్యండి. పని అయ్యేదాకా ఆ టేప్ తియ్యకూడదు.

దూరం నుంచి ఆర్డర్ వస్తే కత్తి పంపడం కష్టం. చాలా కొరియర్లు కత్తులు తీసుకోవు, విమానంలో చేతి సామానులో పెట్టనివ్వరు. అప్పుడు ఫోన్‌లో తీసిన ఫొటో అడగకండి. లెన్స్ దగ్గరగా ఉన్న భాగాన్ని పెద్దగా చూపిస్తుంది. పిడి లావుగా ఉంటుంది కాబట్టి కొలత అక్కడే తప్పుతుంది. కత్తిని జిరాక్స్ మెషిన్ గాజు మీద స్కేలుతో పాటు పెట్టి, అసలు సైజులో తీసిన కాపీ అడగండి. దాంతో పాటు వెర్నియర్‌తో మూడు చోట్ల మందం కావాలి: పిడి దగ్గర వెన్ను, పిడి అత్యంత లావుగా ఉన్న చోట, గార్డు (పిడికి, బ్లేడుకు మధ్య ఉండే అడ్డు) ఉంటే గార్డు. ఆ కొలతలతో మెత్తటి చెక్కతో కత్తి బొమ్మ చేసుకుని, దాని మీదే ఒర మలచాలి. చెక్క బొమ్మ చెయ్యడానికి పట్టే సమయాన్ని కూడా ధరలో కలపండి.

ఏ తోలు

ఒరకు చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, అంటే వెజిటబుల్ ట్యాన్డ్ తోలే కావాలి. మన ప్రాంతంలో ఈ పని తరతరాలుగా తంగేడు బెరడుతో, కరక్కాయతో జరిగింది. బ్యాగులకు, షూలకు ఎక్కువగా వాడే, క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు దీనికి పనికిరాదు. తడిపి మలిచినా ఆరాక ఆకారం నిలబడదు. పైగా అందులో మిగిలిపోయే లవణాలు తేమ తగిలినప్పుడు ఉక్కును తుప్పు పట్టిస్తాయి.

కొనేటప్పుడు దుకాణంవాడి మాట ఒక్కటే చాలదు. ఒక ముక్క కోసి అంచు చూడండి. వెజ్ తోలు లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది, క్రోమ్ తోలు మధ్యలో తరచూ నీలం బూడిదరంగు కనిపిస్తుంది. నీటి చుక్క వేస్తే వెజ్ తోలు వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది. తడి మీద గోరుతో నొక్కితే ముద్ర అలాగే ఉండిపోతుంది.

చెన్నై పెరియమేట్ తోలు దుకాణాలు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీలు తెలుగు రాష్ట్రాలవాళ్లకు దగ్గర. గుర్రపు జీనులకు వాడే మందపాటి గేదె తోలు కావాలంటే కాన్పూర్. తోలు రకాలు, పరీక్షల గురించి లోతుగా తెలుసుకోవాలనుకుంటే చెన్నై అడయార్‌లో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది.

మందం విషయానికొస్తే, మన ఉదాహరణ కత్తికి 3.2 మి.మీ. సరిపోతుంది. విదేశీ వీడియోల్లో దీన్నే 8 ఔన్సుల తోలు అంటారు, ఒక్కో ఔన్సుకు 0.4 మి.మీ. లెక్క. చిన్న పళ్ల కత్తికి 2.4 చాలు. 4 మి.మీ. దాటితే మడత దగ్గర పగుళ్లు వస్తాయి, మలచడానికి వేళ్లు నొప్పెడతాయి. తోలులో వీపు, పిర్ర భాగం కోసుకోండి. పొట్ట భాగం చౌకగా వస్తుంది కానీ సాగుతుంది. దాన్ని రంగు పరీక్షలకు వాడుకోండి, ఒరకు వద్దు.

నమూనా: అసలు పని ఇక్కడే

ఫైల్ అట్ట ఒకటి తీసుకుని నిలువుగా మడవండి. ఈ మడత ఒరలో వెన్ను వైపు అవుతుంది. కత్తిని అట్ట మీద పెట్టి, వెన్ను మడతకు ఆనించి, చుట్టూ గీత గియ్యండి. పెన్సిల్ నిటారుగా ఉండాలి, కత్తి కిందికి వంగిందంటే గీత రెండు మి.మీ. లోపలికి వెళ్తుంది.

ఇప్పుడు చాలామంది ఈ గీతకు అన్నివైపులా సమానంగా కొంత కలిపి కోసేస్తారు. బ్లేడు దగ్గర అది నడుస్తుంది, పిడి దగ్గర బిగుసుకుపోతుంది. ఎందుకంటే తోలు పిడి లావు మీదుగా ఎక్కి దిగాలి. దీనికి సూత్రాల కంటే కాగితం పట్టీ నయం. అంగుళం వెడల్పు కాగితాన్ని పిడి చుట్టూ చుట్టి, వెన్ను మధ్య నుంచి పదును వైపు మధ్య దాకా ఎంత పట్టిందో గుర్తు పెట్టి విప్పండి. మన కత్తికి లావైన చోట సుమారు 43 మి.మీ. వస్తుంది. పిడి ఎత్తు 32 మాత్రమే. గీత మీద ఆధారపడితే పోయేది ఆ 11 మి.మీ.లే. ఇదే కొలత బ్లేడు మొదట్లో తీస్తే వెన్నులో సగం 1.75, వెడల్పు 28 కలిపి దాదాపు 30 వస్తుంది. మూడు నాలుగు చోట్ల ఇలా కొలిచి, ప్రతి చోటా మడత నుంచి ఆ దూరంలో చుక్క పెట్టండి.

ప్రతి చుక్కకూ తోలు మందంలో సగం, అంటే 1.6 మి.మీ. కలపండి. మడతలో తోలు తినేసే జాగా అది. బ్లేడు ఉన్న భాగంలో ఇంకో 2 మి.మీ. ఖాళీ వదలండి, పదును దేనికీ ఆనకూడదు. పిడి భాగంలో ఈ ఖాళీ వద్దు, బిగువు పుట్టేదే అక్కడ. చుక్కలన్నీ కలిపితే వచ్చే గీత లోపలి హద్దు. దానికి 3 మి.మీ. బయట కుట్టు గీత, కుట్టుకు 5 మి.మీ. బయట తోలు అంచు. మన కత్తికి పిడి దగ్గర మడత నుంచి అంచు దాకా దాదాపు 53 మి.మీ., బ్లేడు దగ్గర 41 మి.మీ. తేలుతుంది. మధ్యలో గీతను మెల్లగా వంచుతూ కలపండి, గతుకు ఉంటే అక్కడే తోలు ముడతపడుతుంది.

ఒర మూతి ఎక్కడ ముగియాలన్నది ఇంకో పెద్ద నిర్ణయం. పిడిలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఒరలోకి దిగాలి. లావైన చోటు దాటి ఒక సెంటీమీటరు పైకి మూతి పెడితే, మలిచిన తోలు ఆ లావు వెనక్కి దిగి కత్తిని పట్టుకుంటుంది. పట్టీ, బటన్ లేకుండానే నిలుస్తుంది. పిడి నిటారుగా, లావు ఎక్కడా లేకుండా ఉంటే ఈ పట్టు దొరకదు, టిచ్ బటన్ పట్టీ తప్పదు. ఆ పట్టీ కత్తి తీసేటప్పుడు పదును దారిలోకి రాకూడదు. దాన్ని వెన్ను వైపుకు తెరుచుకునేలా పెట్టండి.

గార్డు ఉన్న కత్తి అయితే మూతి నుంచి గార్డు ఆగే చోటు దాకా దారి గార్డు వెడల్పుకు సరిపోవాలి. అక్కడ పిడి కొలత కాదు, గార్డు కొలతే లెక్క.

నమూనా పూర్తయ్యాక అట్టను కోసి, మడిచి, పదును వైపు క్లిప్పులు పెట్టి, టేప్ వేసిన కత్తిని దించి చూడండి. అట్ట తోలంత సాగదు కాబట్టి కొంచెం బిగువుగా దిగితే సరే. అనుమానంగా ఉంటే పొట్ట భాగం తోలుతో ఒకసారి కోసి చూడండి, ఇక్కడ పెట్టిన ఒక్క గంట ముందు ముందు చాలా గంటలు మిగులుస్తుంది. కస్టమర్ పేరు, కత్తి వివరాలు రాసి అట్టను దాచుకోండి. అదే మోడల్ కత్తితో ఇంకొకరు వస్తే సగం పని అయిపోయినట్టే.

కోత, వెల్ట్, బెల్ట్ లూప్

కొత్త బ్లేడు వేసిన కట్టర్‌తో, ఒకేసారి తెగాలని ఒత్తకుండా రెండు మూడు సార్లుగా కోయండి. లోపలివైపు మడత గీత మీద సన్నటి గాడి తీస్తే తోలు చక్కగా మడుస్తుంది.

పదును వైపు రెండు పొరల మధ్య పెట్టే నడిమి పట్టీనే వెల్ట్ అంటారు. పదునుకు, కుట్టుకు మధ్య గోడ ఇది. ఒర బతికేది దీని వల్లే. దీని లోపలి అంచు నమూనాలోని లోపలి హద్దును, బయటి అంచు తోలు అంచును అనుసరిస్తాయి. మందం కనీసం బ్లేడు వెన్నుకు దగ్గరగా ఉండాలి. మన కత్తికి ఒర తోలు ముక్కే సరిపోతుంది. వెన్ను 5 మి.మీ. ఉంటే రెండు పొరలు కావాలి. మూతి దగ్గర వెల్ట్ చివరను రంపితో (తోలు చెక్కే కత్తితో) పల్చగా చెక్కండి, లేకపోతే అక్కడ మూతి నోరు తెరుచుకుని కనిపిస్తుంది. మొన వైపు వెల్ట్‌ను కొన దాకా తెచ్చి, అడుగున 3 మి.మీ. కన్నం వదలండి. నీళ్లు పడితే కారిపోవడానికి అది కావాలి.

బెల్ట్ లూప్‌ను ఒర మూయకముందే వెనకవైపు కుట్టాలి, మూశాక సూది లోపలికి వెళ్లదు. 40 మి.మీ. బెల్ట్‌కు లూప్ లోపలి ఎత్తు 45 నుంచి 50 మి.మీ. ఉంచండి. ఈ కుట్టు దారం లోపలివైపు పైకి తేలితే కత్తి దిగిన ప్రతిసారీ దాన్ని గీరుతుంది. అందుకే లోపలి తోలు మీద గాడి తీసి దారం అందులో కూర్చునేలా చెయ్యండి. రివెట్లు వాడేవాళ్లు లోపలి తలను పల్చటి తోలు ముక్కతో మూయాలి, లేకపోతే బ్లేడు మీద గీతలు పడతాయి.

మూతి అంచును, లూప్ అంచులను ఈ దశలోనే నున్న చేసెయ్యండి. తర్వాత చెయ్యి పట్టదు.

అతికించి, కన్నాలు వేసి, కుట్టడం

ఫెవిబాండ్ లాంటి సొల్యూషన్‌ను రెండు ముఖాలకూ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలికి తడి అంటకుండా జిగట మాత్రమే తగిలినప్పుడు అతికించండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి తలనొప్పి తెస్తుంది. ముందు వెల్ట్‌ను ఒక వైపు అతికించి, తర్వాత తోలును కాస్త తడిపి మడిచి మూయండి. మూయడం మొన నుంచి మొదలుపెట్టి మూతి వైపుకు రండి. గూటంతో మెల్లగా కొట్టి, బయటి అంచును గరుకు కాగితంతో మూడు పొరలూ ఒకటయ్యేలా రుద్దండి.

కుట్టు గీతకు గాడి తీసి, 4 మి.మీ. దూరంలో గుర్తులు పెట్టండి. ఇక్కడ మూడు పొరలు కలిసి దాదాపు 10 మి.మీ. మందం ఉంటుంది. పర్సులకు కన్నాలు వెయ్యడానికి వాడే చిజల్ (పళ్లున్న ఉలి) ఇంత మందంలో వంకరగా దిగి, వెనకవైపు కుట్టు తాగినవాడి నడకలా వస్తుంది. స్టాండు ఉన్న డ్రిల్‌కు 1.2 మి.మీ. బిట్ పెట్టి కన్నాలు వేసుకోవడం సుఖం. డ్రిల్ లేకపోతే ఒక్కో కన్నం ఆరెతో, తోలును నిటారుగా పట్టే చెక్క పట్టకారులో బిగించి వేసుకోవాలి. చేతికి అలవాటైతే ఆరె కుట్టే అందంగా ఉంటుంది, ఏటవాలు కన్నంలో దారం చక్కగా ఒరిగి కూర్చుంటుంది.

కుట్టు చేత్తోనే, ఒకే దారం రెండు కొసలకూ సూదులతో, ప్రతి కన్నంలో రెండు సూదులూ ఎదురెదురుగా దూరేలా కుట్టండి. మెషిన్ కుట్టులో ఒక చోట దారం తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. ఈ కుట్టులో తెగినా రెండో దారం పట్టుకునే ఉంటుంది. ఒరకు ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

దారం ఎంత తీసుకోవాలన్న దగ్గర చాలామంది మధ్యలో ఆగిపోతారు. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు అన్న లెక్క పర్సులకు సంబంధించింది. ఇక్కడ ఒక్కో కుట్టుకు ప్రతి సూదీ 4 మి.మీ. ముందుకు, 10 మి.మీ. మందం గుండా వెళ్తుంది. రెండు సూదులకూ కలిపి 28 మి.మీ., అంటే కుట్టు పొడవుకు ఏడు రెట్లు. 20 సెం.మీ. కుట్టుకు 1.4 మీటర్లు, సూదులు పట్టుకోవడానికి ఇంకో అర మీటరు పైగా. రెండు మీటర్లు తీసుకుంటే బాధ లేదు. 0.8 లేదా 1 మి.మీ. మైనం పట్టించిన పాలిస్టర్ దారం వాడండి. నార దారం చూడటానికి బాగుంటుంది కానీ మన వానల్లో త్వరగా నీరసిస్తుంది.

మొదట్లో, చివర్లో మూడేసి కుట్లు వెనక్కి తిరిగి కుట్టి దారం కొయ్యండి. మూతి దగ్గర ఎక్కువ లాగుడు ఉంటుంది, అక్కడ మొదటి కన్నంలో అంచు మీదుగా దారం రెండు సార్లు తిప్పండి.

తడిపి మలచడం

ఒర కత్తికి అతుక్కునేది ఇప్పుడే. కత్తికి ముందు పల్చగా నూనె రాసి, వంటింటి క్లింగ్ ఫిల్మ్ మూడు చుట్లు గట్టిగా చుట్టండి. తడి తోలులో ఉన్న టానిన్ (బెరడు నుంచి తోలులోకి దిగిన పదార్థం), ఇనుము కలిస్తే నల్లటి మచ్చ పడుతుంది, అది తోలు నుంచీ కత్తి నుంచీ తేలిగ్గా పోదు. శ్రీకాళహస్తి, పెడన కలంకారీలో నలుపు రంగు వచ్చేది ఇదే చర్యతో. కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లం నీళ్లలో పులియబెట్టిన తుప్పు ఇనుము నీరు వేస్తారు, గీసిన చోట నల్లగా దిగుతుంది. కత్తి మీద ఆ కళ మనకు అక్కర్లేదు. కార్బన్ స్టీల్ కత్తులకైతే ఫిల్మ్ నాలుగు చుట్లు వెయ్యండి.

ఒరను గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. మొదట బుడగలు గుంపుగా వస్తాయి, అవి తగ్గగానే తియ్యండి, సుమారు అర నిమిషం. ఎక్కువ నానితే తోలు మెత్తబడి ముద్రలు నిలుపుకోదు. నీరు కారిపోయాక పది నిమిషాలు ఆగి, పై రంగు కాస్త తేలికపడటం మొదలవగానే కత్తిని దించండి. ఈ దశలో తోలు సాగుతుంది, బలవంతంగా తొయ్యాల్సి వచ్చిందంటే నమూనా చిన్నదైందని అర్థం.

ముందు బొటనవేళ్లతో పిడి చుట్టూ నొక్కుతూ రండి. తర్వాత నున్నటి కర్ర పుల్లతో పిడి లావు వెనక, గార్డు చుట్టూ, వెల్ట్ అంచు వెంబడి గీత పడేలా నొక్కండి. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం తీసేసి కూర్చోండి, తడి తోలు ప్రతిదాన్నీ గుర్తు పెట్టుకుంటుంది. విదేశీ వీడియోల్లో ఈ పనికి జింక కొమ్ము వాడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఆ జోలికి పోవద్దు, చింత కర్రో వెదురు పుల్లో నున్న చేసుకుంటే అంతే పని చేస్తుంది.

బ్లేడు భాగాన్ని మరీ లోతుగా మలచకండి. అక్కడ తోలు బ్లేడుకు అతుక్కుంటే దుమ్ము చిక్కుకుని గీతలు పడతాయి. పట్టు అంతా పిడి దగ్గరే ఉండాలి.

ఆకారం నిలిచిందనిపించాక, అరగంట తర్వాత, కత్తిని నేరుగా పైకి తీసి తుడిచి పక్కన పెట్టండి. ఒరను నీడలో, గాలి తగిలే చోట ఆరనివ్వండి. వేసవిలో ఒక రోజు, వానాకాలంలో కోస్తా ఊళ్లలో రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం వద్దు. తడి తోలుకు వేడి ఎక్కువైతే కుంచించుకుపోయి అట్టలా పెళుసుబారుతుంది, దాన్ని మళ్లీ బాగుచెయ్యలేం.

అంచు, రంగు, మైనం

పూర్తిగా ఆరాకే రంగు. స్పిరిట్ రంగును బట్ట ముక్కతో పల్చగా రెండు మూడు పూతలు వెయ్యండి, ఒక్కసారే చిక్కగా వేస్తే చారలు పడతాయి. లోపలివైపు రంగు వద్దు, కత్తికి, చేతికి అంటుతుంది. నలుపు అడిగినవాళ్లకు పైన చెప్పిన ఇనుప నీటితోనే వెయ్యొచ్చు. స్టీల్ ఊల్‌ను వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి వడకట్టి పూస్తే కొద్ది నిమిషాల్లో తోలు నల్లబడుతుంది. ఆ తర్వాత వంటసోడా కలిపిన నీటితో తుడిచి పులుపు చంపాలి. ఈ నలుపు తోలు లోపలికి దిగుతుంది కాబట్టి చేతికి అంటదు, నాకు సీసా రంగుల కంటే ఇదే ఇష్టం.

అంచును 220, 400, 600 గరుకు కాగితాలతో వరసగా రుద్ది, కొద్దిగా తడిపి, జీన్స్ గుడ్డతో వేడి పుట్టేదాకా గట్టిగా రుద్దండి. మూడు పొరల గీతలు కనపడకుండా గాజులా మెరిసేదాకా రెండు మూడు విడతలు పడుతుంది. కస్టమర్ వేలు మొదట వెళ్లేది ఈ అంచు మీదికే.

చివరగా తేనెమైనం ఒక వంతు, నూనె రెండు వంతులు వేడి నీళ్ల గిన్నెలో కరిగించిన మిశ్రమాన్ని పల్చగా పూయండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నేరుగా మంట మీద పెట్టాల్సిన పని లేదు. నూనె ఎక్కువైతే మలిచిన బిగువు సడలిపోతుంది. తళతళలాడాలని పూతలు పెంచకండి.

పరీక్ష, ధర, అప్పగింత

కత్తి పదును మీద టేప్ తీసేది ఇప్పుడు. మెల్లగా, వెన్ను వైపు ఒత్తుతూ దించండి. ఏదైనా గీరుకున్న శబ్దం వస్తే ఆపి లోపల టార్చి వేసి చూడండి, జిగురు పొక్కు గాని దారం గాని పైకి వచ్చి ఉంటుంది. దిగాక తలకిందులు చేసి, మెత్తటి పరుపు పైన గట్టిగా కుదపండి. పడకూడదు. అలాగని రెండు చేతులతో లాగాల్సి రాకూడదు. ఒర ఒక చేత్తో పట్టుకుని, బొటనవేలితో మూతిని తోస్తే కత్తి వదలాలి. వేళ్లు పదును వైపు కుట్టు మీద లేకుండా పట్టుకోవడం కస్టమర్‌కు చూపించండి, ఇది మాటల్లో చెబితే ఎవరూ వినరు.

ధర చెప్పేటప్పుడు తోలును ఒర విస్తీర్ణంతో లెక్కపెట్టకండి. మూలల్లో, పొట్టలో పోయే వృథా కూడా మీ డబ్బే. తోలు, దారం, జిగురు, రంగు ఒక పక్క రాసి, నమూనా మొదలు మైనం దాకా పట్టిన చేతి గంటలు ఇంకో పక్క రాయండి. రెండోదే ఎక్కువ తేలుతుంది, దాన్ని తగ్గించి చెబితే నష్టపోయేది మీరే. ఆర్డర్ రోజే సగం తీసుకోండి. ఆ కత్తికి తప్ప ఇంకెవరికీ పనికిరాని వస్తువు ఇది, కస్టమర్ మనసు మార్చుకుంటే మీ గోడకు వేలాడుతుంది.

అప్పగించేటప్పుడు చెప్పాల్సినవి రెండు. ఇంట్లో ఉన్నప్పుడు కత్తిని ఒరలో దాచకండి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో. తోలు తేమను పట్టుకుంటుంది, వారం రోజుల్లో బ్లేడు మీద చుక్కలు కనిపిస్తాయి. వానలో తడిస్తే కత్తి బయటికి తీసి, ఒరను నీడలో ఆరబెట్టి, కాస్త మైనం రాయాలి.

వాడగా వాడగా ఏడాదికో రెండేళ్లకో పట్టు కొంచెం సడలుతుంది. ఒరను మీ దగ్గరికే తెమ్మనండి. మూతి భాగం మాత్రమే తడిపి, ఫిల్మ్ చుట్టిన కత్తితో మళ్లీ నొక్కి ఆరబెడితే పాత బిగువు తిరిగి వస్తుంది. దీనికి నేను డబ్బు తీసుకోను, ఆ వచ్చినప్పుడు చాలామంది ఇంకో కత్తి వెంట తెస్తారు.